కట్టెల పొయ్యి, పొగగొట్టం

ఇంట్లో ముందునుంచీ ఉన్న పొయ్యిచోటులో తలుపున్న కట్టెల పొయ్యిని కూర్చోబెట్టి, దాని పొగను గొట్టం గుండా కప్పు దాటించడం చూడ్డానికి మేస్త్రీ పనిలా ఉంటుంది. అందులో సగం భౌతికశాస్త్రం, మిగతా సగం అగ్నిప్రమాద నివారణ. చలి దేశాల్లో గోడలోని ఫైర్‌ప్లేస్ గూట్లోకి జరిపి బిగించే ఇనప పొయ్యిని ఇన్సర్ట్ అంటారు. హైదరాబాద్‌లో ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఇక్కడి దుకాణాల్లో ఆ వస్తువు పెద్దగా కనబడదు. కానీ ఆ పనితో మనకు సంబంధం లేకపోలేదు. హోటల్ బట్టీ, తందూరు, డాబా మీది కట్టెల పొయ్యి, ఊళ్లో పెంకుటింటి పొగగొట్టం పొయ్యి, అన్నింటికీ సూత్రం ఒక్కటే. పైగా వంటింటి పొగను గొట్టం గుండా బయటికి పంపాలన్న ఆలోచనకు మన దేశంలో శాస్త్రీయ రూపం ఇచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి జరిగింది హైదరాబాద్‌లోనే.

నిప్పు గురించి అందరూ జాగ్రత్త పడతారు. పొగ పోయే దారి గురించి పడరు. కట్టెల పొయ్యిల చరిత్రలో జరిగిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ రెండోదాన్ని పట్టించుకోకపోవడం వల్లే జరిగింది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా

తూర్పు హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ 2007 ఏప్రిల్‌లో మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిసేదాకా విడివిడి మునిసిపాలిటీలు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడిచేనాటికే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట దారి పొడవునా అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, హోటళ్లు నిండిపోయాయి. పెరటి పొయ్యి ఉన్న ఒంటి అంతస్తు ఇళ్లు కాలనీల లోపలి గల్లీల్లో మాత్రమే మిగిలాయి. ఇళ్లలో వంట గ్యాసు మీదికి మారింది. కట్టెల మంట మాత్రం ఊరు విడిచి పోలేదు, ఇంట్లోంచి వీధిలోకి వచ్చింది.

రంజాన్ నెలలో అది స్పష్టంగా కనిపిస్తుంది. హోటల్ ముందు కాలిబాట పక్కన ఇటుకలు, ఎర్రమట్టితో నడుమెత్తు బట్టీ కడతారు. అందులో హలీం వండే పెద్ద పాత్రను, డేగ్‌ను, మెడ దాకా దించుతారు. ముందువైపు ఉన్న నోట్లోంచి కట్టెలు తోస్తారు. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి సన్నని సెగ మీద ఉడుకుతుంటే, ఇద్దరు మనుషులు పొడవాటి కర్ర గోటాలతో ఎనుపుతూనే ఉంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీంకు ఆ నిలకడైన కట్టెల సెగే ప్రాణం. బట్టీ గోడ మందంగా ఉంటుంది, మట్టి వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే కట్టె తక్కువ పడుతుంది. కట్టడంలో లోపమేమీ లేదు. చాలా చోట్ల లేనిది పొగగొట్టం. లోపలికి కట్టె పోయే నోట్లోంచే పొగ బయటికి వస్తుంది, ఎదురుగా నిలబడి గోటా తిప్పే మనిషి దాన్ని సాయంత్రం దాకా పీలుస్తాడు. బట్టీకి పైన ఫ్లెక్సీ బోర్డు, పక్కన కరెంటు తీగలు, వెనక గ్యాస్ సిలిండర్ ఉన్న చోట్లు కూడా తక్కువేమీ కాదు.

కట్టెల పొయ్యి వంట అని బోర్డు పెట్టే భోజన హోటళ్లు, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం వైపు ఫంక్షన్ హాళ్ల వెనక రేకుల షెడ్డుల్లో పెళ్లివంటల గాడిపొయ్యిలు, వారాంతాల్లో డాబా మీద బంధువులకు నాటుకోడి వండే కుటుంబాలు, తందూరు పెట్టిన కర్రీ పాయింట్లు. అన్నీ కలిపి చూస్తే తూర్పు హైదరాబాద్‌లో కట్టె కాలే చోట్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. వీటిలో చాలావరకు కొత్తగా కట్టిన వంటశాలల్లో లేవు. దుకాణం కోసం కట్టిన షట్టర్ గదిలోనో, పార్కింగ్ కోసం వదిలిన స్థలంలోనో, ఉన్న గోడకు ఆనించి పెట్టినవి. పాత చోట్లో కొత్త పొయ్యి పెట్టడమంటే ఇక్కడ ఇదే.

పొగ పైకి ఎందుకు పోతుంది

గొట్టంలోని వేడి గాలి బయటి గాలి కంటే తేలిక. ఆ తేడాయే పొగను లాగుతుంది. గొట్టం ఎంత పొడవుంటే, లోపల ఎంత వేడి నిలిస్తే లాగుడు అంత ఎక్కువ. ఐదు మీటర్ల గొట్టంలో సగటున 200 డిగ్రీల పొగ ఉండి, బయట 30 డిగ్రీలు ఉంటే లెక్కప్రకారం వచ్చే లాగుడు సుమారు 20 పాస్కల్. రెండు మిల్లీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడి అంతే ఉంటుంది. ఇల్లంతా పొగ నిండకుండా కాపాడేది ఆ రెండు మిల్లీమీటర్లే. అంత చిన్న బలం కాబట్టే ఒక అదనపు వంపు, చిన్న సందు, మూసుకుపోయిన జల్లెడ దాన్ని చెడగొట్టేస్తాయి.

హైదరాబాద్ ఎండ ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటి, నీడలో ఉన్న గొట్టం ఇంకా చల్లగా ఉంటే లోపలి గాలే బరువుగా ఉంటుంది, అది కిందికి దిగుతుంది. అప్పుడు పొయ్యి ముట్టిస్తే మొదటి పొగంతా గదిలోకే వస్తుంది. చలి దేశాల పుస్తకాలు శీతాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, ఈ సంగతికి వాటిలో పెద్ద చోటుండదు. విరుగుడు సులువు. గొట్టం అడుగున ఉన్న శుభ్రపరిచే మూత తీసి, అక్కడ ఒక కాగితం కాల్చి గొట్టాన్ని ముందుగా వెచ్చబెట్టాలి. పొగ పైకి లాగుతోందని చూసుకున్నాకే కట్టెలు పేర్చాలి.

ఇంకో చిక్కు వంటింటి గోడకు బిగించిన కరెంటు చిమ్నీతో. అది గంటకు వెయ్యి ఘనమీటర్ల గాలిని లాగగలదు. తలుపులు, కిటికీలు మూసి ఉంటే ఆ గాలి ఎక్కడి నుంచో రావాలి. దారి దొరికేది పొగగొట్టంలోంచే. 20 పాస్కల్ లాగుడు దాని ముందు నిలవదు, పొగ వెనక్కి తిరుగుతుంది. కట్టెల పొయ్యి ఉన్న గదిలో కరెంటు చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాను నడపాలంటే బయటి గాలి వచ్చే వెంటిలేటర్ తెరిచి ఉండాల్సిందే. ఆ కరెంటు చిమ్నీ గొట్టంలోకే కట్టెల పొగను కలపడం మరీ ప్రమాదం. లోపల నూనె జిడ్డు పేరుకుని ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక కట్టె సంగతి. కట్టె బరువులో నాలుగింట మూడొంతులు వేడికి వాయువులుగా మారి మండుతుంది, మిగిలింది బొగ్గుగా కాలుతుంది. ఆ వాయువులు పూర్తిగా మండాలంటే మంట వేడిగా ఉండాలి. అప్పుడే నరికిన పచ్చి కట్టె కిలోలో 400 గ్రాముల నీరు ఉండొచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట చల్లబడుతుంది. మండని వాయువులు గొట్టంలోకి పోయి, చల్లని గోడకు తగిలి, జిగటగా పేరుకుంటాయి. దాన్ని క్రియోసోట్ అంటారు. ఎండితే నల్లగా గాజులా మెరుస్తుంది, గీకినా రాదు, మండే గుణం మాత్రం ఎక్కడికీ పోదు. ఏదో ఒక రోజు పెద్ద మంట వేసినప్పుడు అది గొట్టం లోపలే అంటుకుని వెయ్యి డిగ్రీల దాకా పోగలదు.

అడితిలో తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, మామిడి, వేప, చింత ఏది కొన్నా, చెట్టు పేరు కంటే ముందు చూడాల్సింది తడి. నీరు 20 శాతానికి మించకూడదు. చీల్చి, నీడలో పేర్చి, పైన కప్పి, పక్కల గాలి తగిలేలా ఒక ఎండాకాలం ఉంచితే మన వాతావరణంలో అది సాధ్యమే. ఎండిన కట్టె రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమంటుంది, చివర్లలో పగుళ్లు కనిపిస్తాయి. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు, ప్యాకింగ్ అట్టలు పొయ్యిలో వేయకూడదు. జిగురు, రంగుల నుంచి వచ్చే పొగ విషం, గొట్టానికీ చేటు.

హైదరాబాద్ పరిశోధనాలయం పొయ్యి

ఈ సూత్రాలన్నీ పేదవాడి వంటింటికి వర్తింపజేసిన మనిషి జలశాస్త్రవేత్త కావడం విశేషం. డాక్టర్ ఎస్.పి. రాజు 1930లలో మ్యూనిక్‌లో వంపు కాలువల్లో నీటి ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం మీద పరిశోధన చేశారు. ఆ పత్రాన్ని నీటిపారుదల ఇంజినీర్లు ఆ తరవాత దశాబ్దాల పాటు ఉదహరించారు. తరవాత ఆయన హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయానికి నాయకత్వం వహించారు. ఆనకట్టలు, కాలువల నమూనాల మీద పనిచేసే ఆ సంస్థలో ఆయన వంటింటి పొగ మీద కూడా దృష్టి పెట్టి, పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించారు. సంస్థ ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలతో ఆ పొయ్యికి హెర్ల్ చుల్హా అన్న పేరు స్థిరపడింది. 1953లో ఆయన దాని గురించి 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం ప్రచురించారు.

కాలువ వంపులో నీరు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో తెలిసిన మనిషికి పొయ్యిలో పొగ ఎక్కడ ఆగుతుందో కనిపించడంలో వింత లేదు. ఆయన పొయ్యి మట్టితోనే కట్టేది. మంట మూసిన మార్గంలో నడుస్తుంది, ఒక్క మంటకు ఒకటికి మించిన గిన్నెలు వేడెక్కుతాయి, చివరికి పొగ గొట్టంలోకి చేరుతుంది. ఇల్లాలికి ఐదు స్వేచ్ఛలు కావాలని రాజు ప్రతిపాదించారు: పొగ నుంచి, మసి నుంచి, సెగ నుంచి, వృథా నుంచి, అగ్నిప్రమాదం నుంచి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో ఆ మాట వంటింటికి అన్వయించడం గొప్ప విషయం. ఐదోది మరీ ముఖ్యం. తాటాకు కప్పు కింద, పూరింటి వాసాల కింద రగిలే పొయ్యి ఊళ్లకు ఊళ్లనే కాల్చిన దేశం మనది. పొయ్యి మెరుగుదలను ఇంధన ఆదాగా మాత్రమే చూసిన చాలామంది తరవాతివాళ్లు ఆ ఐదో అంశాన్ని వదిలేశారు.

అదే కాలంలో వార్ధా మగన్‌వాడీలో గ్రామ పరిశ్రమల సంఘం మగన్ చుల్హాను రూపొందించింది. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసే నాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇచ్చినట్టు లెక్కలు చెప్పాయి. అయితే కట్టినవాటిలో నిలిచినవి తక్కువ. కారణాలు వెతికితే చాలావరకు గొట్టం దగ్గరికే వచ్చి ఆగుతాయి. సిమెంటు రేకుల గొట్టాలు వేడికి పగిలాయి. కప్పులోంచి గొట్టం పోయిన చోట వాన కారింది. మసి నిండితే తీయడం ఎవరూ నేర్పలేదు. పొగ వెనక్కి తన్నడంతో ఇల్లాలు పొయ్యి పగలగొట్టి పాత మూడు రాళ్లే పెట్టుకుంది.

ఒడిశాలో రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ పొగగొట్టం పొయ్యిల మీద చేసిన పెద్ద అధ్యయనం 2016లో అచ్చయింది. తొలి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. నాలుగేళ్ల పాటు చూస్తే ఆ తేడా మాయమైంది, ఆరోగ్యంలోనూ ఇంధనం ఖర్చులోనూ మార్పు రాలేదు. పొయ్యిని సరిగా వాడకపోవడం, గొట్టం మరమ్మతు చూడకపోవడమే ముఖ్య కారణాలని పరిశోధకులు తేల్చారు. తప్పు ఇల్లాళ్లది అనడం అన్యాయం. కట్టిపెట్టి వెళ్లిపోయిన వ్యవస్థ, ఏడాదికోసారి వచ్చి గొట్టం తుడిచే మనిషిని ఏర్పాటు చేయలేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చి ఈ కథను వేరే మలుపు తిప్పాయి. ఇంటి రోజువారీ వంటకు గ్యాసే మేలన్నది నిస్సందేహం. ఇంట్లో వాడే ఇంధనాల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. హలీం, పెళ్లివంట, తందూరు రుచి కోసం కట్టె వాడేవాళ్లకు ఆ రుచిని కాదనాల్సిన పని లేదు గానీ, పొగను మనిషి ముఖానికి దూరంగా పంపే బాధ్యత తప్పదు.

ఇన్సర్ట్: గూట్లో ఇమిడే పొయ్యి

అసలు ఇన్సర్ట్ వంశానికి మూలపురుషుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఫైర్‌ప్లేస్ గూట్లో పెట్టే ఇనప పొయ్యిని రూపొందించి 1744లో దాని గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. వేడి వృథా కాకూడదని పొగను కిందికి తిప్పి, నేల కింది దారిలోంచి పంపాడు. పొగ చల్లబడిపోయి గొట్టం లాగడం మానేసింది. పొయ్యి మంటను పొదుపు చేసింది గానీ ఇంటిని పొగతో నింపింది. ఆ మార్గాన్ని తరవాతివాళ్లు సరిదిద్దారు. 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ ఫైర్‌ప్లేస్ గొంతును ఇరుకు చేసి, పక్క గోడలను ఏటవాలుగా మలిచి పొగ సమస్యను చాలావరకు తీర్చాడు.

ఇన్సర్ట్ సంగతి నేరుగా అవసరమయ్యే తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి అమెరికా వెళ్లిన పిల్లలు న్యూజెర్సీ, మిషిగన్, వర్జీనియా, టెక్సస్‌లలో ఇళ్లు కొంటున్నారు. ఆ ఇళ్లలో చాలావాటికి ఫైర్‌ప్లేస్ ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి, రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు జనం దొరికిన మంటనల్లా ఇంట్లో వెలిగించుకుని కార్బన్ మోనాక్సైడ్ బారిన పడ్డారు. గూట్లో తలుపున్న పొయ్యి పెట్టించుకోవాలన్న ఆలోచన అలాంటి అనుభవాల నుంచే వస్తుంది. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ గది గాలినే గొట్టంలోకి లాగి పంపేస్తుంది. కట్టెలోని వేడిలో పదో వంతు గదికి దక్కితే గొప్ప. మంచి ఇన్సర్ట్ మూడింట రెండొంతులు, అంతకు పైగా ఇస్తుంది. 2020 మే నుంచి అమెరికాలో అమ్మే కట్టెల పొయ్యి గంటకు రెండు, రెండున్నర గ్రాములకు మించి పొగ కణాలు వదలకూడదన్న నిబంధన ఉంది.

అక్కడ మొదట తెలుసుకోవాల్సింది గూడు ఇటుకతో కట్టినదా, కార్ఖానాలో చేసిన రేకుపెట్టె రకమా అన్నది. మనవాళ్లు కొనే కొత్త ఇళ్లలో రెండోది ఎక్కువ. ఆ పెట్టెలో పెట్టడానికి అనుమతి ఉందని పెట్టె తయారీదారు, ఇన్సర్ట్ తయారీదారు ఇద్దరి పత్రాల్లోనూ రాసి ఉంటేనే బిగించాలి. ఇటుక గూడైతే పరికరం మార్చే ముందు గొట్టాన్ని లోపలి నుంచి కెమెరాతో పరీక్షించాలని అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) 211 ప్రమాణం అడుగుతుంది. పగుళ్లు, రాలిన గారా, పక్షి గూళ్లు అప్పుడే బయటపడతాయి.

తరవాత లైనర్, అంటే పాత గొట్టం లోపల దించే గొట్టం. ఆరు అంగుళాల పొగనోరున్న ఇన్సర్ట్‌ను 12 అంగుళాల చదరపు పాత గొట్టం కింద పెట్టి వదిలేస్తే ఏమవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. నోరు 28 చదరపు అంగుళాలు, గొట్టం 144. ఐదింతల వెడల్పులోకి వచ్చిన పొగ నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, గోడలకు క్రియోసోట్ పూస్తుంది. ఒకప్పుడు చాలామంది ఇలాగే నెట్టి వదిలేసేవారు. గొట్టం వైశాల్యం పొయ్యి నోటికి మూడింతలు మించకూడదని, బయటి గోడల గొట్టమైతే రెండింతలు మించకూడదని ప్రమాణం చెబుతుంది. మించితే స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్‌ను పొయ్యి నోటి నుంచి చిమ్నీ కొన దాకా దించాలి. గూటి గొంతు దగ్గర రేకుతో, మండని రాతి ఉన్ని (రాక్‌వూల్)తో మూత వేయాలి, లేకపోతే వేడంతా పాత గొట్టంలోకి పోతుంది. పొయ్యి ముందు నేల మీద మండని పలక కనీసం 16 అంగుళాలు ముందుకు, పక్కలకు ఎనిమిది అంగుళాలు ఉండాలి. పెద్ద గూటికి ఇంకా ఎక్కువ. చిమ్నీ కొన కప్పును దాటిన చోటు నుంచి కనీసం మూడడుగులు, పది అడుగుల లోపల ఉన్న ఏ కట్టడం కంటేనైనా రెండడుగులు ఎత్తులో ఉండాలి. ఊరి పురపాలక అనుమతి, ఇంటి బీమా కంపెనీకి ముందస్తు సమాచారం, రెండూ మరవకూడదు.

మన కట్టడాల్లో అమరిక

పై కొలతల్లో చాలా భాగం దిల్‌సుఖ్‌నగర్ హోటల్ వెనకగదికీ పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌కు మాత్రం పనికిరాదు. పొగగొట్టం కోసం కట్టిన దారి ఏదీ ఫ్లాట్లలో ఉండదు. బాత్రూముల గాలి కోసం వదిలిన డక్ట్‌లోకి పొగ పంపితే అది పై అంతస్తుల కిటికీల్లోంచి పక్కవాళ్ల ఇళ్లలోకి చేరుతుంది. ఆ డక్ట్‌లోనే ప్లాస్టిక్ నీటిపైపులు, కేబుళ్లు ఉంటాయి. ఫ్లాటులో, మూసిన బాల్కనీలో కట్టెల పొయ్యి పెట్టకూడదు.

విడి ఇల్లు, హోటలు, ఫంక్షన్ హాలు అయితే ముందు చుట్టూ ఏముందో చూడాలి. పరీక్షా పత్రం లేని ఇనప పొయ్యికీ, మండే గోడకూ మధ్య 36 అంగుళాలు, ఒంటిపొర పొగగొట్టానికీ మండే వస్తువుకూ మధ్య 18 అంగుళాలు ఉండాలన్నది అమెరికా ప్రమాణం. మనవి ఇటుక గోడలు, కాంక్రీటు కప్పులు కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. గోడకు ప్లైవుడ్ కప్‌బోర్డులు, కప్పుకు పీవీసీ పలకలు, థర్మాకోల్ అలంకారం ఉంటాయి. రోజూ సెగ తగిలే చెక్క ఏళ్ల తరబడి లోలోపల మారిపోయి, మొదట్లో అంటుకోని వేడికే ఒకనాడు అంటుకుంటుంది.

కాంక్రీటుకూ హద్దుంది. 300 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, పెచ్చులు ఊడతాయి. అందుకే మంటను నేరుగా గచ్చు మీదో, స్లాబు కిందో పెట్టకుండా ఫైర్ బ్రిక్ వేసి, కింద గాలి సందు వదలాలి. మన వంటింటి అరుగులకు వాడే కడప బండ, షాబాద్ బండ పొరల సున్నపురాళ్లు. మంట తగిలితే పొరలుగా చిట్లి, ముక్కలు ఎగురుతాయి. గ్రానైట్ కూడా వేడి మీద నీళ్లు పడితే పగులుతుంది. పొయ్యి లోపలికి ఫైర్ బ్రిక్, వాటి మధ్య ఫైర్ క్లే, బయటికి మామూలు ఇటుక, మట్టి పూత. మేస్త్రీలకు ఈ పద్ధతి తెలుసు. సిమెంటు గారా లోపలివైపు నిలవదు.

గొట్టం స్లాబులోంచి తీయాలంటే కడ్డీలు కోయాల్సి వస్తుంది, స్లాబులో దాగి ఉన్న కరెంటు పీవీసీ పైపులు అడ్డొస్తాయి. స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా ఆ పని చేయించకూడదు. గోడలోంచి అడ్డంగా తీసి బయట నిట్టనిలువుగా లేపడం సులువు, కానీ గొట్టం బయట చల్లబడుతుంది కాబట్టి దానికి రాక్‌వూల్ చుట్టి పైన రేకు తొడగాలి. గోడలో పోయే చోట గొట్టం కంటే పెద్ద స్లీవ్ పెట్టి, మధ్య సందులో రాక్‌వూల్ కూరాలి. అడ్డంగా పోయే ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, అది కూడా పొయ్యి నుంచి గొట్టం వైపు ఎత్తుకు వాలి ఉండాలి. పీవీసీ పైపు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాలితే విషవాయువు వదులుతుంది, దాన్ని పొగకు వాడటం నేరంతో సమానం. సిమెంటు రేకు గొట్టమూ వద్దు. కొన మీద వాన పడని టోపీ, నిప్పురవ్వలు ఆపే జల్లెడ ఉండాలి. ఆ జల్లెడే మసితో మూసుకుపోయే మొదటి చోటు.

డాబా మీద పెట్టేవాళ్లకు చుట్టూ ఉండేవి వేరు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, బట్టలు ఆరేసే తీగలు, డిష్ కేబుళ్లు, సోలార్ పలకల వైర్లు, పక్కింటి కిటికీ. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరమే ఉంటుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ పక్కింట్లోకి పోని మూలన పెట్టడం మర్యాదే కాదు, గొడవలు రాకుండా కాపాడే జాగ్రత్త కూడా. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద గుర్తించిన నగరాల్లో హైదరాబాద్ ఉంది. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు అక్కడి బేకరీలు కట్టె, బొగ్గు మానాలని గడువు పెట్టింది. ఇక్కడి హోటళ్లు అంతవరకు రానీయకుండా బట్టీకి గొట్టం, ఎండు కట్టె ఏర్పాటు చేసుకుంటే వాళ్లకే మంచిది.

వాడకం, శుభ్రం, ఆపద

గొట్టంలో పేరుకున్న పొర మూడు మిల్లీమీటర్లకు చేరితే తుడవాలి. ఇంటి పొయ్యికి ఏడాదికోసారి సరిపోతుంది. రోజంతా మండే హోటల్ పొయ్యికి నెలకోసారి చూడాలి. రంజాన్ బట్టీ కట్టేవాళ్లు నెల మొదలయ్యేలోపు, మధ్యలో ఒకసారి గొట్టం తెరిచి చూస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. మన ఊళ్లో గొట్టం తుడవడమే వృత్తిగా ఉన్నవాళ్లు అరుదు. వెదురు కర్రకు తీగ బ్రష్ కట్టి పై నుంచి కిందికి తోసే పని హోటల్ మనిషే నేర్చుకోవాలి. అందుకే అమర్చేటప్పుడే గొట్టం అడుగున తెరిచే మూత పెట్టించుకోవడం అవసరం.

బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు దాగి ఉండగలదు. తీసిన బూడిదను మూతున్న ఇనప డబ్బాలో, చెక్కకూ ప్లాస్టిక్‌కూ దూరంగా చల్లార్చాలి. వెచ్చటి బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లోనో, చెత్త బండిలోనో పోస్తే దారిలో ఎక్కడో మంట లేస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంట ఆరి నిప్పులు మాత్రం మిగిలినప్పుడు పొగ కనిపించదు, ఈ వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వస్తే తిన్నది పడలేదని అనుకోకుండా వెంటనే అందరూ బయటి గాలిలోకి రావాలి. వానకు టార్పాలిన్ కప్పిన వంటపందిరి, షట్టర్ సగం దించిన గది, బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు వేసుకున్న పడకగది, ఈ మూడూ దీనికి నెలవులు. పొయ్యి ఉన్న గదిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించడం ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అయ్యేది.

గొట్టంలో మంట లేస్తే పెద్దగా గాలి హోరు వినిపిస్తుంది, గొట్టం అదురుతుంది, కొనలోంచి నిప్పులు ఎగురుతాయి. అప్పుడు పొయ్యి తలుపు, గాలి వచ్చే రంధ్రాలు మూసి, గ్యాస్ సిలిండర్లు ఆపేసి, అందరూ బయటికి వచ్చేయాలి. ఎర్రగా కాలిన గొట్టంలో నీళ్లు పోయకూడదు, ఆవిరి ఎగదన్ని గొట్టం పగిలిపోతుంది. అగ్నిమాపక శాఖ నంబరు 101, అన్ని ఆపదలకూ 112. మంట దానంతటదే ఆరిపోయినా గొట్టాన్ని విప్పి పరీక్షించకుండా ఆ పొయ్యిని మళ్లీ ముట్టించకండి.